చివరి బ్యాకప్

విశాఖపట్నం నుంచి రిపేరు అతను ఫోన్ పెట్టేసి పది నిమిషాలైంది. స్వర్ణ ఇంకా ఫోను చెవి దగ్గరే పట్టుకుని నిలబడి ఉంది.

అతను చెప్పింది చిన్న మాటే. పిడుగు దెబ్బకి హార్డ్ డిస్కు లోపలే మాడిపోయింది. తను చూశాడు, ఇంకోచోట చూపించాడు. ఒక్క ఫైలు కూడా బయటికి రాలేదు. కొత్త డిస్కు వేసిన కంప్యూటరు నిన్ననే బస్సులో పంపించేశాడు గనక దుకాణం పని ఆగదు. అక్కడికి సంతోషించమన్నాడు.

దుకాణం వెనక గదిలో పీట మీద కూర్చుని రాజ్మా కాయలు ఒలుస్తున్న నూకరత్నం తలెత్తి చూసింది.

"ఏటన్నాడు?"

పొయ్యి మీద అన్నం మాడుతున్న వాసన వచ్చింది. నూకరత్నమే లేచి గిన్నె దించి, మళ్ళీ వచ్చి కూర్చుంది.

"పాటలు పోయాయి అత్తా," అంది స్వర్ణ. "అమ్మ పాటలన్నీ పోయాయి."

ఆ డిస్కులో ఊళ్ళోవాళ్ళ పెళ్ళి ఫోటోలున్నాయి. పదేళ్ళుగా టైపు చేసిన అర్జీలున్నాయి. వాటి గురించి స్వర్ణ ఆలోచించలేదు. అనంతగిరి అవతల కొండమీది ఊళ్ళో, తల్లి సొంబారి ఆరేళ్ళపాటు పాడిన పాటలు అందులోనే ఉన్నాయి. విత్తనాలు చల్లేటప్పటివి, పెళ్ళివి, పిల్లల్ని నిద్రపుచ్చేవి. అవి పాడగలిగిన మనిషి చనిపోయి ఏడాదిన్నర దాటింది. ఇన్నాళ్ళూ స్వర్ణ వాటిలో ఒక్కటి కూడా తెరిచి వినలేదు. వినే ధైర్యం రాలేదు. ఉన్నాయిలే, ఎప్పుడో వింటాను అనుకుంటూ వచ్చింది.

"ఆడి దగ్గరుంటాయి," అంది నూకరత్నం, కాయల మీంచి కళ్ళెత్తకుండా.

ఎవడి దగ్గరని స్వర్ణ అడగలేదు. ఆ ఇంట్లో పేరు చెప్పకుండా అనే మనిషి ఒక్కడే. తన భర్త, ఈమె కొడుకు, వరహాలు.

నాలుగేళ్ళ కింద కంప్యూటరులో బ్యాకప్ అని ఒకటి పెట్టింది అతనే. దుకాణంలో దాచిన ప్రతి ఫైలుకీ నెట్లో ఎక్కడో దూరాన ఇంకో కాపీ ఉంటుందని, దుకాణం కాలిపోయినా అది పోదని ఆ రోజు ఎంతో ఉత్సాహంగా చెప్పాడు. తెర మూల ఒక చిన్న పచ్చ గుర్తు కనబడేది. రోజూ మధ్యాహ్నం పన్నెండింటికి అది కాసేపు గిర్రున తిరిగి ఆగేది. స్వర్ణ దాన్ని పట్టించుకోవడం ఎప్పుడో మానేసింది.

"అదెప్పుడో ఆగిపోయుంటాది. ఏడాదికోసారి పొడిగించాలి దాన్ని."

"ఆగలేదు. ఆడు పొడిగిత్తన్నాడు."

స్వర్ణ అత్తగారి వైపు తిరిగింది. "నీకెలా తెలుసు?"

నూకరత్నం ఒళ్ళోని చేట పక్కన పెట్టింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. శుక్రవారం సంతకి వెళ్ళినప్పుడల్లా కొడుకుతో మాట్లాడుతున్నానని నెమ్మదిగా చెప్పింది. రెండేళ్ళుగా. మారేడుమిల్లిలో వెదురు కాటేజీల దగ్గర, వచ్చినవాళ్ళకి గదులు రాసిచ్చే పనిలో ఉన్నాడనీ, తిండి సరిగ్గా తినడం లేదనీ కూడా చెప్పింది, ఎవరూ అడక్కపోయినా.

"నా వెనకాల," అంది స్వర్ణ.

"ఆడు నా కొడుకే స్వర్ణా. నువ్వు ఎల్లిపొమ్మన్నావు. తప్పు ఆడిదే, నానేటైనా అన్నానా? ఆడితో ఎల్లేనా? నీ కాడే ఉన్నాను. మాటాడ్డం కూడా మానీమంటే ఎలాగ?"

అది నిజం. ఒకప్పుడు కొండ పిల్లని కోడలిగా తెచ్చాడని ఎస్.కోటలో ఇంటి గుమ్మం మూసేసిన మనిషే, కొడుకు వెళ్ళిపోయిన రోజున సంచీ సర్దుకోకుండా, మనవరాలికి జడ వేస్తూ కూర్చుంది. ఆ రోజు నుంచీ దుకాణంలో లామినేషన్ పని ఆవిడే చూస్తోంది.

స్వర్ణ అడిగింది. "కంప్యూటరు పోయిందని నువ్వే చెప్పేవా?"

"నాను సెప్పలేదు. ఆడే అడిగేడు."

"ఏమని?"

"పిడుగు పడ్డ నాలుగోరోజు. అది శుక్రారం కూడా కాదు, ఇంటికే సేసేడు. 'అమ్మా, స్వర్ణకి ఒంట్లో బాగోలేదా, మూడ్రోజులై దుకాణం తీలేదు' అన్నాడు. తీసింది, జెరాక్సు ఆడతంది అన్నాను. 'మరి కంప్యూటరు ఎందుకు తెరవలేదు' అన్నాడు."

స్వర్ణకి మొదట అర్థం కాలేదు. మూడు వందల కిలోమీటర్ల అవతల, అడవి మధ్యలో కూర్చున్న మనిషికి తన దుకాణంలో కంప్యూటరు తెరవలేదని ఎలా తెలుస్తుంది?

అప్పుడు నూకరత్నం తనకి తెలిసినంత చెప్పింది. రోజూ పన్నెండింటికి ఇక్కడి ఫైళ్ళు అక్కడికి చేరగానే వరహాలు ఫోనుకి ఒక మెసేజీ వస్తుందట. ఈ రోజు బ్యాకప్ పూర్తయింది అని. వచ్చిందంటే ఇక్కడ దుకాణం తెరిచినట్టు, స్వర్ణ కుర్చీలో కూర్చున్నట్టు. అది చూసుకునే అతను భోజనానికి లేస్తాడట.

స్వర్ణ గోడకి ఆనుకుంది. కిందటి చలికాలం తనకి జ్వరం వచ్చి అయిదు రోజులు పడుకుంది. ఆ అయిదు రోజులూ అత్తగారి ఫోను మోగుతూనే ఉంది. ఎవరత్తా అంటే ఎస్.కోట చెల్లెలని చెప్పింది. ఎక్కడో దొరకని మందు ఒకటి ఆవిడ చేతికి ఎలా వచ్చిందో కూడా ఆ రోజు తను అడగలేదు.

"పాస్‌వర్డు ఫోన్లో చెప్తే సరిపోతాది," అంది చివరికి. "నేనే దించుకుంటాను."

"ఆ మాటే నానూ అన్నాను. ఇక్కడి నెట్టుకి అన్ని పైళ్ళు దిగవంటన్నాడు. ఆఫీసులో కూకుని వారం నుంచీ దింపుతన్నాడంట. ముప్పై రోజులు కంప్యూటరు తెరవకపోతే కంపెనీవోళ్ళు మొత్తం తుడిసేత్తారంట కదా." నూకరత్నం చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. "దింపీసేడు. రేపు తెత్తన్నాడు."

"ఎవరు?"

"ఆడే. పొద్దుటి రైలుకి."

స్వర్ణ లేచి దుకాణంలోకి వెళ్ళిపోయింది. రావద్దని చెప్పు అందామని రెండుసార్లు వెనక గది గుమ్మం దాకా వచ్చి, రెండుసార్లూ వెనక్కి తిరిగింది. ఎవరో గిరాకీ వచ్చి కులధ్రువీకరణ పత్రం మూడు కాపీలు తీసిమ్మంటే మిషను మూత ఎత్తింది. కాగితం అద్దం మీద పెడుతుండగా ఆమె చెయ్యి ఆగిపోయింది.

దుకాణంలో దాచిన ప్రతి ఫైలూ అక్కడికి వెళ్ళింది.

ప్రతి ఫైలూ.

పాత కంప్యూటరులో 'ఫాంట్లు' అని ఒక ఫోల్డరు ఉండేది. అక్షరాల పేరు చూసి ఎవరూ తెరవరని స్వర్ణ దానికా పేరు పెట్టింది. అందులో అక్షరాలు లేవు. రెండేళ్ళుగా ఆమె వరహాలుకి టైపు చేసుకుని, ఒక్కటి కూడా పంపని ఉత్తరాలున్నాయి.

* * *

అతను వచ్చేసరికి పదకొండు దాటింది. కూతురు వెన్నెల బడికి వెళ్ళిపోయింది. నాన్న వస్తున్నాడని దానికి చెప్పొద్దని స్వర్ణ అత్తగారికి గట్టిగా చెప్పింది. వచ్చి వెళ్ళిపోయేవాడి కోసం ఆ పిల్లని ఆశ పెట్టడం ఆమెకి ఇష్టం లేదు.

వరహాలు దుకాణం మెట్టు కిందే ఆగాడు. చిక్కిపోయాడు. గడ్డం దగ్గర నెరిసింది. భుజాన ఒక సంచీ, చేతిలో తువ్వాలులో చుట్టిన చిన్న పెట్టె. రాజమండ్రి దాకా బస్సులోనూ, అక్కణ్ణుంచి రెండు రైళ్ళలోనూ దాన్ని ఒళ్ళోనే పెట్టుకొచ్చాడని అది పట్టుకున్న తీరు చూస్తేనే తెలుస్తోంది.

రమ్మని ఎవరూ అనలేదు. పొమ్మనీ అనకపోయేసరికి చెప్పులు విడిచి మెట్టెక్కాడు.

నూకరత్నం కొడుకుని ఒకసారి ఎగాదిగా చూసి, తాగడానికి నీళ్ళిచ్చింది. తర్వాత వెన్నెలకి బడికి అన్నం పట్టికెళ్ళాలని చెప్పి, గిన్నె సర్దుకుని బయల్దేరింది. రోజూ ఆ పిల్ల బడిలోనే తింటుంది. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

"ఇదిగో," అన్నాడు వరహాలు, తువ్వాలు విప్పి. "అన్నీ వొచ్చేయి. రెండుసార్లు సరిచూసేను."

స్వర్ణ ఆ డిస్కు అందుకుని తనే వైరు తగిలించింది. కంప్యూటరు కొత్తగా, బోసిగా ఉంది. తెర మీద పాత ఫోల్డర్లు ఒక్కొక్కటే కనబడటం మొదలైంది. తను పెట్టిన పేర్లే, తను పెట్టిన వరసలోనే. మధ్యలో 'అమ్మ' అని ఉన్నదాని మీద బాణం ఆగింది.

"వింటావా?" అన్నాడతను.

"నువ్వు ముట్టుకోవద్దు."

అతను కుర్చీ వెనక నుంచి రెండడుగులు దూరం జరిగాడు. ఆమె గొంతులో కోపం లేదు. రెండేళ్ళ కింద ఉన్న కోపం ఎలాంటిదో ఇద్దరికీ గుర్తుంది.

స్వర్ణ పెద్దన్న చెట్టు మీంచి పడి చనిపోయినప్పుడు సొంబారి శవం పక్కన కూర్చుని తెల్లార్లూ పాడింది. అది పాటా ఏడుపా అని విడదీసి చెప్పలేం. జనం వెనకాల నిలబడి వరహాలు దాన్ని ఫోన్లో రికార్డు చేశాడు. అంత గొప్ప పాట లోకం వినాలనిపించి, ఎవరినీ అడక్కుండా నెట్లో పెట్టాడు. లక్షల మంది విన్నారు. రెండు నెలల తర్వాత ఒక రిసార్టులో, మంట చుట్టూ గెంతుతున్న టూరిస్టులకి ఎవరో దానికి డప్పులు కలిపి వేశారు. ఆ రిసార్టులో కట్టెలు దించడానికి వెళ్ళిన స్వర్ణ తమ్ముడు బుధు అది విన్నాడు. చచ్చిపోయిన అన్న పేరు, తల్లి గొంతులో, చిందుల మధ్య.

వరహాలు ఆ రోజే నెట్లోంచి తీసేశాడు. సొంబారి ఇంటికి వెళ్ళి కాళ్ళు పట్టుకున్నాడు. ఆవిడ తిట్టలేదు. ఇంక పాడలేదు, అంతే. పోయే ముందు ఆరు నెలలు ఆ ఇంట్లో పాటే లేదు. బుధు అక్క గుమ్మం తొక్కడం మానేశాడు. స్వర్ణ మొగుణ్ణి వెళ్ళిపొమ్మంది.

ఇప్పుడు ఆమె 'అమ్మ' తెరిచింది. వరసలో మొదట ఉన్నదాని మీద నొక్కింది.

కాసేపు ఏమీ లేదు. కోడి కూత. ఎవరో దగ్గారు. తర్వాత సొంబారి గొంతు, చాలా దగ్గరగా, తమ భాషలో అడిగింది. "ఆ ఎర్ర దీపం వెలుగుతోందా? నేను చూడలేను, కళ్ళు మసక. వెలిగితేనే పాడతాను." వెనకాల స్వర్ణ నవ్వు. వరహాలు గొంతు, వచ్చీరాని కొండ మాటల్లో, "వెలుగుతోంది అత్తా, పాడు."

పాట మొదలయ్యే లోపే స్వర్ణ ఆపేసింది.

రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు అలాగే ఉండిపోయింది. వరహాలు గుమ్మం వైపు తిరిగి నిలబడ్డాడు. రోడ్డు మీద వలిసె పూలు చూడ్డానికి వచ్చిన కార్లు ఒకదాని వెనక ఒకటి వెళ్తున్నాయి.

"ఫాంట్లు తెరిచేవా?" అంది స్వర్ణ. చేతులు ఇంకా తియ్యలేదు.

అతను రోడ్డు వైపే చూస్తున్నాడు.

"అడుగుతున్నాను."

"తెరిచేను."

"ఎప్పుడు?"

"ఎల్లిన నెలకి. కొత్త ఫైలు చేరిందని చూపించింది. నీ దగ్గర ఫాంట్లన్నీ నేను వేసినవే కదా, కొత్తది ఏటా అనుకున్నాను." ఆగాడు. "వరహాలు గారికి, స్వర్ణ వ్రాయునది, అని ఉంది."

రోజంతా ఊరివాళ్ళ అర్జీలు టైపు చేసే చేతులు. మొగుడికి రాసిన మొదటి ఉత్తరం కూడా అర్జీలాగే మొదలైంది. ఆ ఉత్తరం ఆమెకి అక్షరం అక్షరం గుర్తుంది. నా తల్లి ఏడుపు ఊరి మీద పారేసిన మనిషివి. నా గుమ్మంలోకి ఎప్పటికీ రావద్దు. వచ్చినా నీ ముఖం చూడను.

"ఎన్ని చదివేవు?"

"ఒకటే."

"అబద్ధం."

"ఒకటే స్వర్ణా. మిగతావి చేరుతుంటే చూసేను. తారీకులు చూసేను. తెరవలేదు."

స్వర్ణ కుర్చీ తిప్పి అతని ముఖంలోకి చూసింది. తన గదిలోకి ఎవరో తొంగి చూసినట్టు నిన్నటి నుంచి రగులుతూనే ఉంది. రాత్రంతా ఆలోచించి పెట్టుకున్న మాటలు చాలా ఉన్నాయి. రెండేళ్ళు నన్ను కిటికీలోంచి చూసినట్టు చూశావు, అడక్కుండా తీసుకోవడమే నీకు తెలుసు, అనాలనుకుంది. అవేవీ రాలేదు. ఆమె అడిగింది వేరే.

"ఎందుకు తెరవలేదు?"

"అది నాకు పంపలేదు కదా నువ్వు." వరహాలు నేల వైపు చూస్తూ అన్నాడు. "మొదటిది కూడా చదవకూడదు. చదివీసేను. అందులో రావొద్దన్నావు. మీ అమ్మ పాట అడక్కుండా తీసుకున్నందుకే కదా ఇదంతా. మళ్ళీ అదే పని చెయ్యకూడదనుకున్నాను. అంతే."

బయట ఒక ముసలాయన ఆధార్ కార్డు పట్టుకొచ్చి నిలబడ్డాడు. స్వర్ణ లేచి, కాపీ తీసి ఇచ్చి, అతను మెట్లు దిగేదాకా చూసి, వెనక్కి వచ్చింది.

"ఏడోదాన్లో రమ్మని రాసేను," అంది.

వరహాలు తలెత్తాడు.

"మా కొండోళ్ళ ఇటుకల పండక్కి రమ్మన్నాను. బుధుతో నేనే మాట్లాడతానన్నాను. పన్నెండోదాన్లో వెన్నెలకి నువ్వు కావాలని రాసేను. తరవాత నాకే కావాలని రాసేను." ఆమె గొంతు పూర్తిగా తగ్గిపోయింది. "నువ్వు చదవడం లేదని తెలుసు కదా, సిగ్గు లేకండా రాసేను."

అతను బల్ల అంచు పట్టుకున్నాడు. ఏడో ఉత్తరం చేరిన తారీకు అతనికి గుర్తుండే ఉంటుంది. ఆ రోజు కూడా పన్నెండింటికి మెసేజీ చూసుకుని, ఇవాళా తెరిచింది అనుకుని, అన్నానికి లేచి ఉంటాడు.

"ఇప్పుడు చదువు," అంది స్వర్ణ. "ఇప్పుడు నేనే ఇస్తున్నాను."

ఫోల్డరు తెరిచి, కుర్చీ వదిలి, వెనక గదిలోకి వెళ్ళిపోయింది.

* * *

గంట గడిచింది. ఇంకో అరగంట కూడా.

వెనక గదిలో స్వర్ణ బియ్యం కడిగింది. నిన్న ఒలిచిన గింజలు ఉడకేసింది. మధ్యలో ఒకసారి గుమ్మంలోంచి చూసింది. వరహాలు తెరకి బాగా దగ్గరగా వంగి కూర్చున్నాడు. కళ్ళజోడు కావలసిన వయసు వచ్చింది అతనికి, తీసుకున్నట్టు లేదు. ఒకచోట ఆగి, పైకి వెళ్ళి, మళ్ళీ మొదట్నుంచి చదువుతున్నాడు. అతని వీపు చూస్తే నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు.

ఆ వీపు ఆమెకి ఎన్నాళ్ళ నుంచో తెలిసినది. ఫోటోలు దిద్దుతూ అలాగే వంగి కూర్చునేవాడు. అన్నం చల్లారుతోందని వెనకనుంచి వెళ్ళి చొక్కా కాలరు పట్టుకుని లేపేది. ఇప్పుడు ఆ నాలుగు అడుగులూ వెయ్యాలనే అనిపించింది. వెళ్ళలేదు. పొయ్యి దగ్గరే నిలబడి, గరిటె పట్టుకున్న తన చేతినే చూసుకుంది. రెండేళ్ళలో ఆ చెయ్యి ఎవరినీ నిద్ర లేపలేదు, వెన్నెలని తప్ప.

మూడు దాటాక అతను గుమ్మంలోకి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అన్నీ చదివేను."

ఆమె తల ఊపింది.

"నలభయ్యోదాన్లో, దుకాణం ముందు రేకులు మార్చాలి, నిచ్చెన పట్టుకోడానికి కూడా మనిషి లేడని రాసేవు." అతను నవ్వడానికి ప్రయత్నించాడు. "రేకులు ఇంకా మార్చలేదు. వొచ్చినప్పుడు చూసేను."

స్వర్ణ చేతిలోని గరిటె గట్టు మీద పెట్టింది.

"సాయంత్రం బండికి టిక్కెట్టు తీసేను. రావొద్దన్న మాటే తెలుసు కదా నాకు, ఉండమంటావని అనుకోలేదు. ఇప్పుడు..." అతను చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాడు. "ఉండిపోనా?"

ఇన్నాళ్ళూ ఆ ప్రశ్న కోసమే చూసింది. పిడుగు పడ్డ రోజుకి ముందు ఎప్పుడు అడిగినా ఆమె జవాబు చెప్పడానికి క్షణం కూడా పట్టేది కాదు.

"ఎన్నున్నాయి అక్కడ?"

"ఏటి?"

"ఉత్తరాలు. ఎన్ని చదివేవు?"

"నలభై."

"నలభై ఒకటి రాసేను," అంది స్వర్ణ.

అతను అర్థం కానట్టు చూశాడు. స్వర్ణ స్టవ్వు ఆపి, ఎదురుగా వచ్చి నిలబడింది. పిడుగు పడ్డ రోజు పొద్దున పదింటికి కూర్చుని ఆఖరిది రాసిందని చెప్పింది. పదకొండున్నరకి పిడుగు పడింది. పన్నెండింటికి కదా అవి అక్కడికి వెళ్ళేది. అది వెళ్ళలేదు. డిస్కుతో పాటు మాడిపోయింది.

"అందులో ఏటుంది?"

చెప్పకపోయినా ఎవరికీ తెలియదు. ఆ ఉత్తరం ఇప్పుడు ఈ లోకంలో ఎక్కడా లేదు. ఎంత మంచి ఇంజనీరు వచ్చినా దాన్ని బయటికి తియ్యలేడు. మొదట్లోవి తప్ప ఆ ఉత్తరాలన్నీ అతన్ని రమ్మంటున్నాయి, అతను వచ్చాడు. నోరు మూసుకుంటే చాలు. ఆ మాట ఆమెకి తట్టకపోలేదు.

"ఇదే ఆఖరిదని రాసేను," అంది. "రెండేళ్ళు గుమ్మం వైపు చూసేను, ఇంక చూడనని. నువ్వు లేకండా ఉండడం అలవాటు చేసుకున్నానని. అది రాసేక నాకు ఏడుపు రాలేదు వరహాలూ. తేలిగ్గా అనిపించింది. లేచి, చాన్నాళ్ళకి కడుపునిండా తిన్నాను."

వరహాలు గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. గిన్నెలో గింజలు ఉడుకుతున్న చప్పుడు ఆగిపోయింది.

"ఇప్పుడూ అదేనా?" అన్నాడు చివరికి.

"తెలీదు. అమ్మ గొంతు విన్నాను ఇప్పుడే. అందులో నీ గొంతూ ఉంది, నా నవ్వూ ఉంది. నేను అలాగ నవ్వేదాన్నని మరిచిపోయేను." ఆమె కొంగు వేళ్ళకి చుట్టుకుంది. "అది వింటే ఉండమనాలనిపిస్తంది. ఆ ఉత్తరం తలుచుకుంటే ఎల్లమనాలనిపిస్తంది. రెండూ నేనే. నీకు అబద్ధం చెప్పలేను."

స్టేషను వైపు నుంచి రైలు కూత వినబడింది. సాయంత్రం బండి వచ్చేసింది. పది నిమిషాలు ఆగుతుంది, మహా అయితే.

వరహాలు దుకాణంలోకి నడిచి సంచీ తీసుకున్నాడు. భుజాన వేసుకోలేదు. చేత్తో పట్టుకుని బల్ల పక్కనే నిలబడిపోయాడు.

అప్పుడే మెట్టు మీద అడుగుల చప్పుడైంది. నూకరత్నం, ఆవిడ వెనక బడి సంచీతో వెన్నెల. పదేళ్ళ పిల్ల. దార్లో మామ్మ చెప్పేసినట్టుంది. పరిగెత్తుకొచ్చినట్టు రొప్పుతోంది, కానీ గుమ్మంలో ఆగిపోయింది. తండ్రిని చూసింది. గడ్డం చూసింది. అతని చేతిలోని సంచీ చూసింది.

వరహాలు దానికోసం ఒక అడుగు ముందుకి వేశాడు. ఆ పిల్ల అతని పక్కనుంచి తప్పుకుని వచ్చి తల్లి నడుం పట్టుకుంది. తండ్రికి వినబడకూడదని కాళ్ళెత్తి స్వర్ణ చెవి దగ్గర నోరు పెట్టింది గాని, ఆ చిన్న గదిలో అందరికీ వినబడింది.

"అమ్మా, నాన్న ఉంటాడా, ఎల్లిపోతాడా? ఎల్లిపోయేటట్టయితే నేను మాటాడను."

నూకరత్నం గుమ్మంలోనే నిలబడింది. కొడుకు వైపు చూడలేదు. కోడలి వైపు చూసింది. వరహాలు చేతిలో సంచీ అలాగే ఉంది.

స్వర్ణ కూతురి తల మీద చెయ్యి వేసింది. స్టేషనులో బండి రెండో కూత వేసింది.